మూడో అప్పు వద్దు, ముందు ఈ ఐదు నెలలు దాటించండి

అమ్మా, మీ ప్రశ్నను, దానితో పాటు మీరు రాసి పంపిన పద్దును రెండుసార్లు చదివాను. మీరు ఒడిశాలోని రాయగడ పక్కన జేకేపూర్‌లో అద్దెకుంటున్నారు. మీవారికి హార్డ్‌వేర్ కొట్టులో నెలకు 11,500 జీతం, మీరు జాకెట్లు కుట్టి తెచ్చేది 2,500, మొత్తం 14,000. అత్తగారు, ఇద్దరు పిల్లలతో కలిపి ఐదుగురు మనుషులు. ఖర్చు 15,900 అవుతోంది కనుక నెలనెలా 1,900 తగ్గుతోంది, ఆ తగ్గినదాన్ని కొట్లో అరువుతోనో, చేబదుళ్లతోనో పూడుస్తున్నారు. పిల్లల పాలు మానేయాలా, లేక లోను కంపెనీ సారు చెబుతున్నట్టు 50,000 కొత్త అప్పు తీసుకుని, పాత అప్పులు రెండూ తీర్చేసి, మిగిలిన డబ్బుతో కాస్త తెరిపిన పడాలా అన్నది మీ ప్రశ్న.

రెండూ వద్దన్నది నా అభిప్రాయం. నేను ఈ ప్రాంతంలోనే ఒక సహకార సంఘంలో 26 ఏళ్లు లెక్కలు రాసి పదవీ విరమణ చేసినవాణ్ణి. ఇప్పుడు మా వీధిలోని మహిళా సంఘాల పుస్తకాలు చూసిపెడుతుంటాను. ఇరుకు సంసారాల పద్దులు కొన్ని వందలు నా చేతుల మీదుగా పోయాయి. వాటిలో పొదుపు చేయడం చేతకాక మునిగిన ఇల్లు నాకు అరుదుగా కనిపించింది, రూపాయిని ఎలా సాగదీయాలో మీకు నేర్పేంత వాణ్ణి నేను కాను. మునిగిన ఇళ్లు మాత్రం చాలావరకు ఒకే చోట మునిగాయి. తీరిపోబోతున్న అప్పును తీరనివ్వకుండా దాని నెత్తిన ఇంకో అప్పు ఎక్కించిన చోట.

ముందు పాల సంగతి చెప్పి పక్కన పెడతాను. కేంద్ర ప్రభుత్వం 2023–24లో జరిపిన గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం ఇంటి ఖర్చులో తిండికి పోయేది సగటున పట్టణాల్లో 39.68 శాతం, పల్లెల్లో 47.04 శాతం. మీ పద్దులో కిరాణా 3,600, కూరగాయలు, గుడ్లు, చేపలు కలిపి 1,600, పాలు 750, మొత్తం 5,950, అంటే మీ ఖర్చులో 37 శాతం. రాబడి తక్కువ ఉన్న ఇంట్లో తిండి వాటా సగటుకన్నా ఎక్కువ ఉండడం సహజం. మీ ఇంట్లో తక్కువ ఉన్నదంటే ఇప్పటికే నోరు కట్టుకుంటున్నారని అర్థం. కాబట్టి అరలీటరు పాలను, పిల్లల గుడ్లను ముట్టుకోవద్దు. ఆ 750 ఆపినా మీ లోటులో సగం కూడా పూడదు.

ఇప్పుడు అప్పుల దగ్గరికి వద్దాం. మీకున్నవి రెండు. ఒకటి 30,000, నెలకు 1,590 చొప్పున 24 కిస్తీలు, ఇంకా తొమ్మిది మిగిలాయని రాశారు. రెండోది 20,000, నెలకు 1,060 చొప్పున 24 కిస్తీలు, ఇంకా ఐదు మిగిలాయి. రెండూ కలిపి నెలకు 2,650. ఇవి తీర్చడానికి మీరు ఇంకా కట్టవలసింది ఎంతో మీ పద్దులో ఎక్కడా లేదు. ఐదు కిస్తీలకు 5,300, తొమ్మిది కిస్తీలకు 14,310, వెరసి 19,610. ఆ పైన రూపాయి కూడా బాకీ ఉండదు.

సారు తెచ్చిన 50,000 ప్రతిపాదన చూడడానికి ఎంతో సొంపుగా ఉంది, ఎందుకంటే దాని కిస్తీ కూడా సరిగ్గా 2,650 చుట్టూనే వస్తుంది. "మీరు కట్టేది ఏమీ మారదు, పాతవి రెండూ మేమే మూసేస్తాం, పైగా చేతికి ముప్పై వేల పైన వస్తుంది" అని ఆయన చెప్పిన మాటలో అబద్ధం లేదు. ఆయన చెప్పకుండా వదిలేసింది కాలం. మీ పాత కిస్తీల్లో ఒకటి ఐదు నెలల్లోను, ఇంకొకటి తొమ్మిది నెలల్లోను ఆగిపోతాయి. కొత్తది 24 నెలలు నడుస్తుంది. 2,650 చొప్పున 24 నెలలంటే 63,600. ఇప్పుడు మిగిలి ఉన్న 19,610 అందులోంచి తీసేస్తే 43,990 అదనం. దానికి బదులు మీ చేతికి వచ్చేదెంత? పాత అప్పుల అసలు నా లెక్కలో దాదాపు 18,000 మిగిలి ఉంటుంది కాబట్టి 32,000, అందులోనూ ప్రాసెసింగు ఖర్చు, ఇన్సూరెన్సు పేరుతో కొంత పట్టుకున్నాక.

మీకు ఆ 32,000 అవసరమా అన్నదే అసలు ప్రశ్న. మీ లోటు నెలకు 1,900, కాని అది ఎల్లకాలం ఉండే లోటు కాదు. ఐదు నెలల తరవాత 1,060 ఆగుతుంది కనుక లోటు 840కి దిగుతుంది. మరో నాలుగు నెలలకు 1,590 కూడా ఆగుతుంది, అప్పుడు నెలకు 750 మిగులు మొదలవుతుంది. అంటే మీరు ఖర్చులో పైసా తగ్గించకపోయినా ఈ తొమ్మిది నెలలకు మీకు నిజంగా కావలసింది ఐదు నెలలకు 9,500, నాలుగు నెలలకు 3,360, మొత్తం 12,860 మాత్రమే. 12,860 గుంతను పూడ్చడానికి 43,990 కట్టడం ఏ లెక్కన చూసినా కుదరని బేరం.

వడ్డీ గురించి కూడా ఒక మాట. మీ 30,000 అప్పుకు మొత్తం కట్టేది 38,160, అంటే రెండేళ్లకు వడ్డీ 8,160. దీన్ని అసలుతో భాగించి "ఏడాదికి పదమూడున్నరే కదా" అని చెబుతారు. అది సరికాదు. మీరు ప్రతి నెలా అసలులో కొంత తీర్చేస్తున్నారు, రెండో ఏడు సగానికి వచ్చేసరికి మీ దగ్గర ఉన్నది 30,000 కాదు, తొమ్మిది వేల లోపే. తగ్గుతున్న అసలు మీద లెక్క వేస్తే ఇది నూటికి రెండు రూపాయల వడ్డీ, ఏడాదికి 24. మన పెద్దవాళ్లు నూటికి రెండంటే భయపడేవారు. అదే వడ్డీని కిస్తీ అని పిలిస్తే మనకు భయం వేయడం లేదు.

2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న రిజర్వు బ్యాంకు నిబంధనలు మీకు కొంత అండగా ఉంటాయి. ఇటువంటి చిన్న అప్పులను గడువుకన్నా ముందు తీర్చేస్తే జరిమానా వేయకూడదు. ఇన్సూరెన్సు వంటివి మీ ఇష్టం లేకుండా అంటగట్టకూడదు. ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తరవాత వసూలుకు ఫోను చేయకూడదు, ఇంటికి రాకూడదు. అన్ని ఖర్చులూ కలిపిన వడ్డీ ఎంతో మీకు అర్థమయ్యే భాషలో కాగితం మీద ఇవ్వాలి. మీ అప్పు కార్డు ఒడియాలో ఉందని, మీకు చదవడం రాదని రాశారు. ఇక్కడి తెలుగు ఇళ్లలో ఇది మామూలే. కాని మీ ఎనిమిదో తరగతి అమ్మాయికి ఒడియా వచ్చు. ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని కార్డు ముందూ వెనకా చదివించండి. అదే నిబంధనల్లో కిస్తీలన్నీ కలిపి ఇంటి రాబడిలో సగం దాటకూడదని కూడా ఉంది. మీకు ఆ హద్దు నెలకు 7,000. అంత కిస్తీ కడితే మీరు తినేదేమిటి? అంతవరకు అప్పు ఇవ్వడానికి వాళ్లకు వీలుంది కనుక, "రూలు ప్రకారమే ఇస్తున్నాం" అన్న మాట విని ధైర్యపడకండి.

ఇక 1,900 ఎక్కడి నుంచి తేవాలన్నది. మీరు ఫొటో తీసి పంపిన కిరాణా కొట్టు ఖాతా పుస్తకం పేజీ నాకు అన్నిటికన్నా ఎక్కువ చెప్పింది. నెల మొదటి పది రోజుల్లో మీరు కొట్టుకు వెళ్లిందే లేదు, జీతం రాగానే తెచ్చిన సరుకులు ఉన్నాయి కాబట్టి. 12వ తేదీ నుంచి 27వ తేదీ వరకు మాత్రం నూనె 200 మిల్లీలీటర్ల ప్యాకెట్టు తొమ్మిదిసార్లు, కందిపప్పు పావుకిలో ఎనిమిదిసార్లు, టీపొడి, చక్కెర, బట్టల పొడి చిన్న పొట్లాలు లెక్కలేనన్నిసార్లు. తొమ్మిది ప్యాకెట్లు 38 చొప్పున 342 రూపాయలు, వచ్చిన నూనె లీటరు 800 మిల్లీలీటర్లు. అదే రకం లీటరు ప్యాకెట్టు బజార్లో 155 చొప్పున రెండు తెస్తే 310కి రెండు లీటర్లు వస్తుంది. పప్పు పావుకిలో 42 చొప్పున ఎనిమిదింటికి 336. కిలో 145 చొప్పున రెండు కిలోలు 290. ఈ రెండిట్లోనే ఆ పదిహేను రోజుల్లో 78 రూపాయలు పోయాయి. మిగతావాటితో కలిపి 200 అనుకోవచ్చు. షాంపూ ఒక్కటి దీనికి మినహాయింపు. చాలా కంపెనీలవి సీసా కన్నా రూపాయి, రెండు రూపాయల ప్యాకెట్లే లెక్కకు చవక పడతాయి, కాబట్టి అవి అలాగే కొనండి. 2025 సెప్టెంబరు 22 నుంచి ఒంటి సబ్బులు, పేస్టు, తలనూనె, షాంపూల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది, ధర చూసి కొనండి.

ఆ 200 కన్నా ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. కొట్లో మీకు 2,400 బాకీ ఉంది. బాకీ ఉన్న మనిషి ధర అడగలేదు, తూకం చూడలేదు, పక్క కొట్టుకు పోలేదు. కొట్టాయన చెడ్డవాడని నేననను. 2020 లాక్‌డౌన్‌లో మా వీధిని ఆదుకున్నది ప్రభుత్వం కన్నా ముందు ఇటువంటి కొట్లే. కాని ఆ బాకీ ఉన్నంతకాలం పదిహేను రోజులపాటు మీ ధర ఆయన చెప్పిందే. అందుచేత చేతికి ఏ అదనపు డబ్బు వచ్చినా మొదట సున్నా చేయవలసింది ఆ ఖాతాను. ఒడిశా ప్రభుత్వం ఆడవారికి ఇచ్చే సుభద్ర పథకం డబ్బు వచ్చిన వారంలోనే కరిగిపోతోందని రాశారు కదా. ఏడాదికి 10,000, రాఖీ పున్నమికి 5,000, మార్చి 8కి 5,000. ఈ తొమ్మిది నెలల్లో ఒక విడతైనా తప్పక తగులుతుంది. అది పడిన రోజునే 2,400 కట్టేసి పుస్తకం మూయించండి. మిగిలిన 2,600తో నెల మధ్యలో అయిపోయే నాలుగైదు సరుకులు, అంటే నూనె, పప్పు, చక్కెర, టీపొడి, సబ్బులు, ఒక నెలకు సరిపడా తెచ్చి అటక మీద పెట్టండి. 12వ తేదీన అటక మీది డబ్బా దించి, జీతం వచ్చాక దాన్ని మళ్లీ నింపండి. నెలలో మూడో వారాన్ని కొట్టాయన చేతిలోంచి మీ చేతిలోకి తెచ్చుకోవడం ఇలాగే. పల్లెల్లో గాదె ఉన్నవాడికి, లేనివాడికి ఉండే తేడా ఇదే.

కూరల దగ్గర ధర ఎందుకు పెరుగుతోందో తెలిస్తే ఏది మార్చాలో తెలుస్తుంది. మన బజారుకు బంగాళాదుంప బెంగాల్ నుంచి, ఉల్లి నాసిక్ నుంచి వస్తాయి. 2024లో బెంగాల్ తన లారీలను సరిహద్దులో ఆపినప్పుడు ఒడిశా అంతటా బంగాళాదుంప కరవొచ్చి ధర ఎలా ఎగిరిందో మీకు గుర్తుండే ఉంటుంది. నూనె ధర ఢిల్లీలో నిర్ణయమవుతుంది: అదే ఏడు సెప్టెంబరు 14న దిగుమతి చేసుకునే ముడి వంటనూనెల సుంకం 5.5 నుంచి 27.5 శాతానికి పెరిగింది, మరుసటి ఏడు మే చివర్లో 16.5కి దిగింది. వీటిని మనం ఆపలేం. కాని ఇక్కడే పండే ఆనపకాయ, చేమదుంప, చిలగడదుంప, కర్రపెండలం, పచ్చి అరటి, ములక్కాడ, వానాకాలపు ఆకుకూరలు ఆ లారీలతో సంబంధం లేనివి. ఒడియా ఇళ్లను చూసి మనవాళ్లు కూడా ప్రతి కూరలో ఆలూ వేయడం అలవాటు చేసుకున్నారు. దాని ధర ఎగిరిన వారాల్లో చేమదుంపకో, పెండలానికో మారితే, సంతలో కొంటే, నెలకు 150 తేలికగా మిగులుతుంది. సంతకు పొద్దుగూకే ముందు వెళ్లండి, సరుకు తిరిగి మోసుకుపోవడం ఇష్టం లేక కొండ నుంచి వచ్చినవాళ్లు పోగు ధర వాళ్లంతట వాళ్లే తగ్గిస్తారు. వాళ్లు తగ్గించకపోతే బేరం ఆడవద్దని మాత్రం నా విన్నపం. కొట్లో 38కి అమ్మిన నూనె ప్యాకెట్టుకు నోరెత్తని మనం, తెల్లవారుజామున దిగి వచ్చిన కొంధు తెగ ఆడమనిషి పోగు మీద ఐదు రూపాయలు గీసుకోవడం నాకు బాగుండదు.

చోళ్లు, అంటే రాగులు, వాడమని, చోడి అంబలి చవకని మీకు చాలామంది చెప్పి ఉంటారు. ఆరోగ్యానికి వాడండి, ముఖ్యంగా షుగరున్న అత్తగారికి మంచిది. డబ్బు మిగులుతుందని మాత్రం వాడవద్దు. 2025–26కి కేంద్రం ప్రకటించిన మద్దతు ధరే క్వింటాలు 4,886, అంటే కిలో దాదాపు 49. చోళ్లు పేదవాడి చవక తిండిగా ఉన్న రోజులు వెళ్లిపోయాయి, పండించేవాళ్లకు అది మంచిదే.

మందులు. అత్తగారి బీపీ, షుగరు బిళ్లలకు నెలకు 630 అవుతోందని రాశారు, మందుల షాపులో కొంటున్నారు. ఒడిశాలో ప్రభుత్వాసుపత్రుల్లో నిరామయ పథకం కింద మందులు 2015 నుంచి ఉచితం. జిల్లా ఆసుపత్రిలో ఒకసారి చూపించి, చీటీ రాయించుకుని, నెలకొకసారి తెచ్చుకోండి. ఒకటి రెండు బిళ్లలు అక్కడ దొరకకపోతే, అవే మందులు అదే మోతాదులో జనౌషధి కేంద్రంలో తక్కువకు వస్తాయి. కంపెనీ పేరు కాకుండా మందు పేరు రాయమని డాక్టరుగారిని అడగండి. దారి ఖర్చులు, దొరకని బిళ్లలు పోను 450 మిగలాలి. ఒక పూట పోతుంది, వరసలో నిలబడాలి, అది నిజమే. కాని బిళ్లలు తగ్గించి మిగుల్చుకుందామని మాత్రం అనుకోవద్దు. మా అమ్మ ఆ పని చేసింది. నా చేతి ఇరుకు చూసి, నాకు చెప్పకుండా, బీపీ బిళ్ల రోజు విడిచి రోజు వేసుకునేది. డబ్బా నెలన్నర వస్తుంటే నేను కూడా ఎందుకని అడగలేదు, పైగా సంతోషించాను. పక్షవాతం వచ్చిన రాత్రి జీపు మాట్లాడుకుని విశాఖపట్నం తీసుకుపోయాం. దానికి చేసిన అప్పు తీరడానికి నాకు ఆరేళ్లు పట్టింది, అమ్మ చెయ్యి మాత్రం తిరిగి లేవలేదు.

అటువంటి రాత్రి మీకు రాకూడదు, వచ్చినా అప్పు చేయనవసరం లేకుండా ఇప్పుడే ఆయుష్మాన్ కార్డు చేయించుకోండి. 2025 ఏప్రిల్ నుంచి ఒడిశాలో అది అమల్లో ఉంది. కుటుంబానికి ఏడాదికి 5 లక్షల దాకా వైద్య ఖర్చు, ఇంట్లోని ఆడవారికి అదనంగా మరో 5 లక్షలు. పథకంలో చేరిన ఆసుపత్రి అయితే సరిహద్దు అవతల కూడా పనిచేస్తుంది కనుక, విశాఖకు పరుగెత్తే మనకు ఇది పెద్ద సంగతి. చేరేముందే అక్కడి కౌంటరులో కార్డు చూపించి అడగాలి. మీవారి బ్యాంకు ఖాతా నుంచి ఏడాదికి 20 రూపాయలతో ప్రమాద బీమా, 436తో జీవిత బీమా, ఒక్కొక్కటి 2 లక్షలకు ఉన్నాయి. అప్పుతో అంటగట్టే ఇన్సూరెన్సు కన్నా ఇవి మేలు.

ఫోన్లు మూడు, మూడింటికీ 299 రీచార్జి. అది 28 రోజులదే కాబట్టి ఏడాదికి పన్నెండు కాదు, పదమూడుసార్లు వేస్తున్నారు. నెలకు 970 పడుతోంది, ఇది మీ పాల ఖర్చు కన్నా ఎక్కువ. 2024 జూలైలో ధరలు పెరిగాక ఈ పద్దు ప్రతి ఇంట్లోను వాచింది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆదేశంతో 2025 జనవరి నుంచి మాటలకు, మెసేజీలకు మాత్రమే పనికొచ్చే ప్యాకులు వచ్చాయి, 84 రోజులకు ఐదు వందల లోపే. అత్తగారి కీప్యాడ్ ఫోనుకు నెట్ ఎందుకు? మీవారు పగలంతా కొట్టులో ఉంటారు, ఆయనకూ మాటల ప్యాకు చాలు. నెట్ మీ ఫోనులో ఉంచుకోండి, జాకెట్ల డిజైన్లు మీకు వాట్సాప్‌లోనే కదా వచ్చేది. సాయంత్రం ఆయన కావాలంటే మీ ఫోను నుంచి హాట్‌స్పాట్ పెట్టుకుంటారు. నెలకు 310 మిగులుతుంది.

పెట్రోలు 1,000లో 350 తగ్గించడానికి, అదే దారిన రాయగడ వెళ్లే ఇంకొకరితో వారం మార్చి వారం బండి పంచుకోవడం తప్ప నాకు వేరే దారి తోచలేదు. పార్వతీపురం వెళ్లినప్పుడు అక్కడ పోయించకండి, ఆంధ్రలో లీటరు ధర ఎక్కువ. సరుకుల కోసం పార్వతీపురం పోవడం గురించి కూడా అడిగారు. ప్యాసింజరు రైలు కనీస చార్జీ మళ్లీ పదికి దిగిన మాట నిజమే, కాని ఒక రోజు పోతే మీకు రెండు జాకెట్లు పోతాయి. పండగ బట్టలకైతే వెళ్లండి, పప్పూ ఉప్పుకు వద్దు. కరెంటు, గ్యాసుల్లో మీరు పిండగలిగింది పిండేశారు. ఒకటే చూడండి, మీ గ్యాసు కనెక్షను ఉజ్జ్వలదైతే సిలిండరుకు 300 రాయితీ బ్యాంకులో పడాలి. పాసుబుక్కులో పడుతోందో లేదో అడగండి.

నాకు మీ పద్దులో ఆశ్చర్యం కలిగించినది ఖర్చు కాదు, రాబడి. నెలకు ఇరవై రెండు జాకెట్లు, ఒక్కొక్కటి 120, ఖర్చులు పోను 2,500, రెండేళ్లుగా అదే ధర. ఈ రెండేళ్లలో నూనె పెంచినవాడు మిమ్మల్ని అడగలేదు, ఫోనువాళ్లు అడగలేదు, ఇంటాయన అడగలేదు. అందరి పెంపూ మీరు మోస్తూ, మీ పెంపు మాత్రం ఎవరికీ చెప్పలేకపోతున్నారు. వచ్చే నెల నుంచి 140 అని చెప్పండి, పాతవాళ్లకు కూడా. ఒకరిద్దరు సణుగుతారు, పెళ్లిళ్ల రోజుల్లో వాళ్లే తిరిగి వస్తారు. ఇరవై చొప్పున 440.

ఇప్పుడు కలపండి. కిరాణాలో 200, కూరల్లో 150, మందుల్లో 450, ఫోన్లలో 310, పెట్రోలులో 350, కుట్టుపనిలో 440. సరిగ్గా 1,900. ఇంత సరిగ్గా కలిసిన పద్దును నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు నమ్మేవాణ్ణి కాదు, ఇప్పుడూ నమ్మను. చుట్టాలింట పెళ్లి వస్తుంది, చదివింపులు తప్పవు; పిల్లవాడికి జ్వరం వస్తుంది; మజ్జిగౌరమ్మ పండగకు ఇంటికి నలుగురొస్తారు. అందుచేత ఇందులో మూడింట రెండు వంతులు నిలబడినా చాలనుకోండి, అంటే నెలకు 1,260. అప్పుడు ఐదు నెలల్లో తగ్గేది మొత్తం 3,200. ఆ తరవాతి నాలుగు నెలల్లో మీ లోటు 840 కనుక 400 వరకు మిగలడం మొదలవుతుంది. ఆ 3,200కు సుభద్ర విడతను నమ్ముకోకుండా, మీ మహిళా సంఘంలోంచి చిన్న అప్పు అడగండి. అక్కడా నూటికి రెండే వసూలు చేయవచ్చు, కాని 3,000 అడిగితే 3,000 ఇస్తారు, 50,000 తీసుకోమనరు, వడ్డీ మళ్లీ మీ సంఘంలోకే వస్తుంది.

రేషను మాటను కావాలనే లెక్కలో కలపలేదు. మీ కార్డులో మూడు పేర్లే ఉన్నాయి. చిన్నవాడి పేరు ఎక్కించలేదు, అత్తగారి పేరు ఆంధ్రలో మీ బావగారి కార్డులోనే ఉండిపోయింది. మనిషికి నెలకు ఐదు కిలోల చొప్పున పది కిలోల బియ్యం మీకు రావడం లేదు. అత్తగారి పేరు అక్కడ తీయించి ఇక్కడ చేర్చడానికి, పిల్లవాడి పేరు ఎక్కించడానికి ఈ వారమే దరఖాస్తు పెట్టండి, ఉన్న ముగ్గురికీ ఈకేవైసీ పూర్తయిందో లేదో కూడా చూసుకోండి. రెండు చోట్లా పేరు ఉంచుకుంటే బాగుంటుందని ఎవరైనా చెబితే వినకండి, ఆధార్ దగ్గర దొరికిపోయి రెండూ ఆగుతాయి. ఇటువంటి పనులు మనం అనుకున్న నెలలో జరగవు కనుక, ఆ బియ్యం వచ్చిన నెల నుంచే దాన్ని లెక్కలోకి తీసుకోండి.

ఆరో నెలలో 1,060 ఆగినప్పుడు ఆ డబ్బు కనబడకుండా ఇంట్లో కలిసిపోతుంది, జాగ్రత్త. పాత లోటు ఇంకా ఉంటే అది పూడ్చాక, మిగిలినది వందో, రెండు వందలో, పోస్టాఫీసులో నెలవారీ డిపాజిట్టుగా వేయండి, అక్కడ కనీసం 100 చాలు. పుస్తకాలు, యూనిఫారాలు, పండగ బట్టలు ఏటా వచ్చేవే అయినా మనం ఏటా హఠాత్తుగా వచ్చినట్టు అప్పు చేస్తాం.

గురువారం లోను కంపెనీ మీటింగులో సారుతో ఏమనాలో కూడా అడిగారు. గొడవ పడవద్దు, ఆయన కూడా జీతానికి పనిచేసే కుర్రవాడే, మీవారిలాగే. "ఇప్పుడు వద్దు సార్, ఉన్నవి కట్టేస్తాను, నా రెండు అప్పుల్లో ఇంకా ఎంత అసలు మిగిలిందో కాగితం మీద రాసివ్వండి" అనండి. ఆ కాగితం మీకు రావలసినదే. నేను ఐదు, తొమ్మిది అని వేసిన లెక్క మీరు రాసిన సంఖ్యల మీద ఆధారపడింది. కార్డులో ఒకటి రెండు కిస్తీలు అటూ ఇటూ ఉంటే పైన రాసిన అంకెలన్నీ కొంత మారతాయి. మీ అమ్మాయి కార్డు చదివాక ఆ రెండు సంఖ్యలు, సారు రాసిచ్చిన అసలు నాకు పంపండి, తేడా ఉంటే కొత్త పద్దు వేసి ఇస్తాను.